పిల్లల భరణం పెంచమని, తగ్గించమని కోర్టును అడగడం ఎలా? విశాఖ వాళ్లకోసం వివరంగా

విడాకుల డిక్రీలో పిల్లల ఖర్చుకని రాసిన అంకె శిలాశాసనం కాదు. పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఒప్పుకున్న ఎనిమిది వేలు ఏడో తరగతికి వచ్చేసరికి స్కూలు ఫీజుకూ వ్యాన్‌కే సరిపోతాయి. మరోవైపు, ఉద్యోగం ఊడిన తండ్రి పాత జీతాన్ని చూసి వేసిన మొత్తాన్ని నెలనెలా కట్టలేడు. మార్చమని అడిగే దారి చట్టంలో ఇద్దరికీ ఉంది.

అయితే ఈ పిటిషన్‌లో కోర్టు పాత గొడవలన్నీ మళ్లీ తవ్వదు. పాత ఆర్డర్ నాటికీ ఈనాటికీ ఏం మారింది, ఎంత మారింది, దానికి కాగితం ఏది? చూసేది ఇంతే. కాబట్టి ఫైలంతా ఈ ‘అప్పుడు–ఇప్పుడు’ లెక్క చుట్టూ కట్టుకోవాలి. అత్తగారు ఏమన్నారు, ఎవరు ఎవరి మీద చెయ్యెత్తారు అని పేజీలకు పేజీలు నింపితే అసలు విషయం వాటి అడుగున పడిపోతుంది.

1. చేతిలో ఉన్న ఆర్డర్ ఏ చట్టం కింద వచ్చిందో చూసుకోండి

ఆర్డర్ మొదటి పేజీ పైన కేసు నంబర్ ఉంటుంది. ఏ సెక్షన్ కింద వెళ్లాలో దాన్నిబట్టే తేలుతుంది.

- ఎఫ్.సి.ఓ.పి.: ఫ్యామిలీ కోర్టులో నడిచిన విడాకుల కేసు. హిందూ వివాహ చట్టం, 1955 కింద అయితే సెక్షన్ 26 ప్రకారం డిక్రీ తర్వాత కూడా మైనర్ పిల్లల పోషణ, చదువు గురించిన ఆదేశాలను మార్చమని అడగవచ్చు.
- ఎం.సి.: మెయింటెనెన్స్ కేసు. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 కింద వచ్చిన ఆర్డర్ ఇది. 2024 జూలై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. ఇప్పుడు భరణానికి సెక్షన్ 144, మార్పుకు 146, అమలుకు 147.
- డి.వి.సి.: గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఇచ్చిన ఆర్డర్. పరిస్థితులు మారితే సెక్షన్ 25(2) కింద అదే కోర్టును అడగాలి.
- హిందూ దత్తత, భరణ చట్టం, 1956 కింద వచ్చిందైతే సెక్షన్ 25.

క్రైస్తవ వివాహమైతే 1869 నాటి విడాకుల చట్టం సెక్షన్ 44, స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద అయితే సెక్షన్ 38 చూడాలి. ముస్లిం పిల్లలు కూడా సురక్షా సంహిత సెక్షన్ 144 (పాత 125) కింద తండ్రిని అడగవచ్చు. ఈ విషయంలో సుప్రీంకోర్టు 1997లోనే స్పష్టత ఇచ్చింది.

పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నవాళ్లు ‘ఇకపై ఏమీ అడగనని సంతకం పెట్టేశానుగా’ అని వెనకాడుతుంటారు. తల్లి తన భరణం వదులుకుంటే వదులుకుంది. బిడ్డకు రావాల్సింది బిడ్డ హక్కు, దాన్ని తల్లిదండ్రులు బేరంలో వదిలేయలేరని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. కాకపోతే ఒప్పందంలో పిల్లల పేరుమీద ఏకమొత్తంగా డబ్బు, ఫ్లాట్, డిపాజిట్ లాంటివి ఇచ్చి ఉంటే దాన్ని దాచకుండా చెప్పాలి.

ఆర్డర్ జిరాక్స్ కాపీ చాలదు. ఆర్డర్ ఇచ్చిన కోర్టులో కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మిగతా పనుల కంటే ముందు ఇది మొదలుపెట్టాలి, ఎందుకంటే చేతికి రావడానికి సమయం పడుతుంది.

2. ఏది మార్పు, ఏది కాదు

పెంచమని అడగడానికి పనికొచ్చేవి:

- పై తరగతులు, కోచింగ్, హాస్టల్ వల్ల పెరిగిన చదువు ఖర్చు
- బిడ్డకు కొత్తగా బయటపడ్డ జబ్బు, థెరపీ, వైకల్యం
- కట్టే వ్యక్తికి ప్రమోషన్, కొత్త ఉద్యోగం, ఆస్తి రావడం
- బిడ్డ దగ్గరున్న తల్లికో తండ్రికో ఆదాయం పడిపోవడం

తగ్గించమని అడగడానికి పనికొచ్చేవి:

- ఉద్యోగం పోవడం, రిటైర్ కావడం, పనిచేయలేని అనారోగ్యం
- బిడ్డ ఇప్పుడు మీ దగ్గరే ఉండటం
- అవతలి వారి ఆదాయం గట్టిగా పెరగడం

నిలబడనివి కూడా తెలుసుకోండి. సొంతిష్టంతో తీసుకున్న కారు లోను ఈఎంఐ, చిట్టీ, ఎల్‌ఐసీ ప్రీమియం చూపించి ‘చేతికి వచ్చేది ఇంతే’ అంటే కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. తప్పనిసరిగా కోసుకునే పన్ను, పీఎఫ్ లాంటివే తీసివేస్తాయి. ‘మళ్లీ పెళ్లి చేసుకున్నాను, ఖర్చులు పెరిగాయి’ అన్న ఒక్క మాట మీదే మొదటి బిడ్డ వాటా తగ్గించడం అరుదు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె భరణం ఆగుతుంది, బిడ్డది మాత్రం ఆగదు. ఈ రెండింటినీ కలిపేసి డబ్బు ఆపేసే తండ్రులు చాలామందే ఉన్నారు.

ఆర్డర్ మొదటి నుంచే తప్పు అని మీ బాధ అయితే మార్పు పిటిషన్ వేసి లాభం లేదు. ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ అయితే దానిమీద అప్పీలో రివిజనో హైకోర్టులో వేయాలి. ఫ్యామిలీ కోర్టుల చట్టంలో అప్పీలుకు రాసిన గడువు 30 రోజులు.

వయసు విషయం. సెక్షన్ 144 కింద బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా. శారీరక, మానసిక వైకల్యం వల్ల తన పోషణ తాను చూసుకోలేకపోతే ఆ తర్వాత కూడా. పెళ్లికాని హిందూ కూతురు, తన సంపాదనతో బతకలేనప్పుడు, 1956 చట్టం సెక్షన్ 20(3) కింద 18 దాటాక కూడా తండ్రిని అడగవచ్చు. దానికి వేరే దావా వేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కొడుకు ఇంజినీరింగ్ చదువుకు ఇంత సులువైన దారి లేదు. అందుకే రాజీ పత్రం రాసుకునేటప్పుడే ‘డిగ్రీ పూర్తయ్యేదాకా’ అన్న మాట చేర్చుకోవడం తెలివైన పని.

3. ఖర్చుల పట్టీ: అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

చాలా పిటిషన్లు నీరసపడేది ఇక్కడే. ‘ధరలు బాగా పెరిగాయి, నెలకు 25,000 ఇప్పించగలరు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. ఆ 25,000 ఎక్కడి నుంచి వచ్చిందని జడ్జిగారు అడిగితే లాయర్ మీ ముఖం, మీరు లాయర్ ముఖం చూసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మద్దిలపాలెంలో అద్దెకుండే తల్లి, ఏడో తరగతి పాప. 2019లో పాప ఒకటో తరగతిలో ఉండగా నెలకు 8,000 చొప్పున ఆర్డర్ వచ్చింది. ఇప్పటి ఖర్చు ఇలా వేయాలి:

- స్కూలు ఫీజు ఏడాదికి 72,000, అంటే నెలకు 6,000
- పుస్తకాలు, యూనిఫాం, షూస్ ఏడాదికి 12,000, అంటే నెలకు 1,000
- స్కూలు వ్యాన్ 1,500
- ట్యూషన్ 1,500
- తిండి, బట్టలు, చిల్లర ఖర్చులు 4,500
- మందులు, డాక్టర్ 700
- ఇంటద్దె 12,000లో పాప వాటా సగం, 6,000

మొత్తం 21,200. తండ్రికి చేతికొచ్చే జీతం 66,000, తల్లికి 22,000 అనుకుంటే వాళ్ల ఆదాయాలు మూడింతలకు ఒకటి. ఆ నిష్పత్తిలో తండ్రి వాటా 15,900, తల్లి వాటా 5,300. ఇద్దరూ సంపాదిస్తుంటే ఎవరి ఆదాయానికి తగ్గట్టు వాళ్లు భరించాలని సుప్రీంకోర్టు 2000లో చెప్పిన సూత్రం ఇదే. ఈ లెక్కతో 16,000 అడిగితే ప్రతి రూపాయికీ జవాబు ఉంటుంది. కోర్టు దీన్నే ఇస్తుందని కాదు. వ్యాన్‌కు వెయ్యి చాలంటుందేమో, అద్దె వాటా తగ్గిస్తుందేమో. కోసినా ఎక్కడ కోసిందో తెలుస్తుంది.

ఈ పట్టీ పక్కనే 2019 నాటి ఖర్చుల పట్టీ కూడా పెట్టాలి. పాత పిటిషన్‌లో మీరు చెప్పిన అంకెలే తీసుకోండి. రెండూ పక్కపక్కన ఉంటే మార్పు దానంతటదే కనిపిస్తుంది.

‘జీతంలో 25 శాతం’ అని కోర్టు బయట టీ కొట్టు దగ్గర వినిపించే లెక్క పిల్లలకు సూత్రం కాదు. అది భార్య భరణం కేసుల్లో వచ్చిన మాట.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- స్కూలు ఫీజు రసీదులు, పాతవీ కొత్తవీ
- వ్యాన్, ట్యూషన్‌కు కట్టినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్
- ఆసుపత్రి బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు
- అద్దె అగ్రిమెంట్
- మీ పే స్లిప్పులు, ఐటీ రిటర్నులు
- ఇప్పటిదాకా ఏ నెల ఎంత వచ్చింది, ఎంత రాలేదు అన్న పట్టిక

వ్యాన్ డ్రైవర్‌కూ ట్యూషన్ మేడమ్‌కూ చేతికి డబ్బిస్తే రసీదు ఉండదు. పిటిషన్ ఆలోచన వచ్చిన నెల నుంచే ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో కట్టడం మొదలుపెట్టండి. ఆధారంగా స్క్రీన్‌షాట్ల కంటే బ్యాంక్ స్టేట్‌మెంట్ మేలు.

4. అవతలి వారి ఆదాయం ఎలా చూపించాలి

‘అతను ఎంత సంపాదిస్తున్నాడో నాకెలా తెలుస్తుంది’ అన్నది అందరికీ వచ్చే టెన్షన్. 2020 నవంబర్ 4న రజనేష్–నేహా కేసులో సుప్రీంకోర్టు దీనికి ఒక దారి చూపింది. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. అందులో జీతం, బ్యాంక్ ఖాతాలు, షేర్లు, బండ్లు, స్థలాలు, క్రెడిట్ కార్డులు అన్నీ నింపాలి. అబద్ధం రాస్తే చర్య ఉంటుంది.

మీ పత్రం కూడా అంతే నిజాయితీగా ఉండాలి. తల్లి చిన్న ఉద్యోగం చేస్తూ ‘ఆదాయం లేదు’ అని రాసి, అవతలి లాయర్ ఆమె జీతం పడిన స్టేట్‌మెంట్ బయటపెడితే, న్యాయమైన పెంపు కూడా చేజారుతుంది.

పత్రం వచ్చాక అందులో లేనివి వెతకాలి. పోర్టు, హెచ్‌పీసీఎల్, డాక్‌యార్డ్ లాంటి చోట్ల ఉద్యోగమైతే జీతం వివరాలు తెప్పించమని కోర్టులో పిటిషన్ వేయవచ్చు. పరవాడ ఫార్మా కంపెనీల్లో బేసిక్ తక్కువ, అలవెన్సులు ఎక్కువ ఉండవచ్చు. అందుకని ఒక నెల స్లిప్పుతో సరిపెట్టుకోకుండా ఫారం 16 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం) అడగండి.

ఓడ ఉద్యోగాలు మన ఊళ్లో తక్కువేం కాదు. షిప్‌లో ఉన్నన్ని నెలలు డాలర్లలో జీతం, ఒడ్డున ఉన్నప్పుడు సున్నా. ‘ప్రస్తుతం ఖాళీగా ఉన్నాను’ అని ఒడ్డున ఉన్న నెలల స్టేట్‌మెంట్ పెడితే నమ్మకండి. రెండు మూడేళ్ల కాంట్రాక్టులు, ఎన్ఆర్ఈ ఖాతా (విదేశీ సంపాదన జమయ్యే ఖాతా) స్టేట్‌మెంట్లు తెప్పించి ఏడాది మొత్తాన్ని పన్నెండుతో భాగించాలి.

5. కోర్టుకు ముందు ఒక ఉత్తరం

ఇది తప్పనిసరి కాదు, కానీ నేనైతే వదలను. ఒప్పుకుంటే ఏళ్ల వాయిదాలు తప్పుతాయి, ఒప్పుకోకపోతే అడిగిన రుజువు మిగులుతుంది. మెయిల్‌లోనో స్పీడ్ పోస్టులోనో ఇలా చాలు:

*‘పాప ఏడో తరగతికి వచ్చింది. స్కూలు ఫీజు, వ్యాన్, ట్యూషన్ వివరాలు రసీదులతో జతచేశాను. 2019లో నిర్ణయించిన 8,000 ఇప్పుడు చాలడం లేదు. జూన్ నుంచి నెలకు 16,000 పంపగలరు. మీ అభిప్రాయం 15 రోజుల్లో తెలపండి.’*

తిట్లు, ఎత్తిపొడుపులు వద్దు. ఈ కాగితం రేపు జడ్జిగారి ముందుకు వస్తుంది.

అవతలివారు సరేనంటే అక్కడితో ఆగొద్దు. వాట్సాప్‌లో ‘ఓకే’ అన్నది ఆర్డర్ కాదు, మూడు నెలలు పంపి ఆపేస్తే అమలు చేయించడానికి ఏమీ ఉండదు. ఇద్దరూ కలిసి కోర్టులో మెమో వేసి ఆర్డర్ రాయించుకోండి.

6. ఏ కోర్టు, ఎవరి సాయం

మామూలుగా పాత ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. విశాఖ ఫ్యామిలీ కోర్టు ఇచ్చిందైతే చిక్కే లేదు.

ఆర్డర్ వేరే ఊరిదై, మీరు ఇప్పుడు విశాఖలో ఉంటే రెండు దారులు. రాజమండ్రి, విజయవాడ లాంటి మన రాష్ట్రంలోని కోర్టు అయితే కేసును ఇక్కడికి మార్చమని హైకోర్టును అడగవచ్చు. హైదరాబాద్ ఇప్పుడు వేరే రాష్ట్రం కాబట్టి బదిలీకి సుప్రీంకోర్టుకే వెళ్లాలి. ముందు ఆర్డర్ విడాకుల కేసులో వచ్చి ఉండి, ఎం.సి. ఎప్పుడూ వేయకపోతే, మీరుండే చోటే సెక్షన్ 144 కింద కొత్తగా వేయడం కుదురుతుందేమో లాయర్‌తో మాట్లాడండి. అలా వేస్తే పాత ఆర్డర్ సంగతి పిటిషన్‌లో తప్పక చెప్పాలి.

ఫ్యామిలీ కోర్టులో లాయర్ హక్కుగా నిలబడలేరు, కోర్టు అనుమతి కావాలి. ఆచరణలో అనుమతి దొరుకుతూనే ఉంటుంది. ఫీజు పెట్టుకోలేకపోతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 చట్టం ప్రకారం మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది, ఎస్సీ, ఎస్టీలకూ అంతే. హెల్ప్‌లైన్ నంబర్ 15100.

7. పిటిషన్‌లో ఉండాల్సినవి

పది పేజీల్లోపే సరిపోతుంది. వరుస ఇది: పాత ఆర్డర్ నంబర్, తేదీ, మొత్తం. అప్పటి పరిస్థితి. ఇప్పటి పరిస్థితి. ఖర్చుల పట్టీ. రెండు వైపుల ఆదాయం. ఆ తర్వాత కోరికలు. చివరిదైన ‘ప్రేయర్’ అన్న ఆ ఒక్క పేరా మీరే దగ్గరుండి చదవాలి. అందులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- నెలకు ఎంత కావాలో అంకెల్లో
- పిటిషన్ వేసిన తేదీ నుంచి వర్తింపజేయాలని
- కేసు తేలేదాకా మధ్యంతర పెంపు
- ఏటా ఇంత శాతం పెరిగేలా ఏర్పాటు
- స్కూలు ఫీజు నేరుగా స్కూలుకు కట్టే ఆదేశం, అవసరమైతే
- పెద్ద వైద్య ఖర్చుల్లో వాటా
- ఏ తేదీలోగా, ఏ ఖాతాలో

రెండోది చాలా ముఖ్యం. పిటిషన్ వేయకముందు గడిచిన నెలలకు పెంపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ‘పరీక్షలయ్యాక చూద్దాం, పండగయ్యాక చూద్దాం’ అని ఆగిన ప్రతి నెలా పాత మొత్తంతోనే పోతుంది.

ఏటా పెంపు అడగకపోతే మూడేళ్లకోసారి ఇదే పని మళ్లీ చేయాలి. 2025లో సుప్రీంకోర్టు ఒక భార్య భరణం కేసులో రెండేళ్లకోసారి 5 శాతం పెరగాలని ఆదేశించింది. పిల్లల విషయంలో కూడా అలాంటి ఏర్పాటు అడగడంలో తప్పేం లేదు.

8. వేసిన తర్వాత

కేసు నంబర్ పడగానే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబర్ (ఆ ఒక్క కేసుకే ఉండే గుర్తింపు నంబర్) రాసుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే వాయిదా తేదీ ఫోన్‌లోనే కనిపిస్తుంది, గుమస్తాకు ఫోన్ చేసే పని తగ్గుతుంది.

నోటీసు వెళ్తుంది, కౌంటర్ (అవతలివారి రాతపూర్వక జవాబు) వస్తుంది, కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. మధ్యంతర భరణం పిటిషన్‌ను నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలో ఉంది. నిజానికి ఎక్కువే పడుతుంది. నోటీసు అందక ఆగిపోవడం అన్నిటికంటే పెద్ద ఆలస్యం కాబట్టి అవతలి వారి ఇప్పటి ఇంటి చిరునామా, ఆఫీసు చిరునామా రెండూ ఇవ్వండి.

కౌన్సెలింగ్‌కు కింది హద్దు మనసులో పెట్టుకుని వెళ్లండి. పై ఉదాహరణలో 14,000కు తోడు ఏటా పెంపు వస్తుంటే, మొండిగా 16,000 కోసం రెండేళ్లు తిరగడం కంటే నయం. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దానిమీద అప్పీలు ఉండదు, కాబట్టి సంతకం ముందు ప్రతి వాక్యం చదవండి.

9. తగ్గించమని అడిగేవాళ్లకు

మొదటి సూత్రం: మీ అంతట మీరు కట్టడం ఆపకండి. ఉద్యోగం పోయిన నెలలోనే పిటిషన్ వేయండి, ఈలోగా ఎంత వీలైతే అంత బ్యాంక్ ద్వారా పంపుతూ ఉండండి. ఆరు నెలల బకాయి పెట్టి, వారంట్ వచ్చాక ‘ఉద్యోగం లేదండీ’ అంటే వినేవాళ్లు తక్కువ.

టెర్మినేషన్ లెటర్, పీఎఫ్ సెటిల్‌మెంట్, ఉద్యోగం కోసం పెట్టిన అప్లికేషన్లు, ఇంటర్వ్యూ మెయిల్స్ దాఖలు చేయండి. ఒళ్లు సహకరించే మనిషి ఏదో ఒక పని చేసైనా పోషించాలని సుప్రీంకోర్టు 2022లో కూడా అన్నది. కాబట్టి ‘ఖాళీగా ఉన్నాను’ అన్న మాట ఒక్కటే చాలదు, ప్రయత్నం కనిపించాలి.

స్వచ్ఛందంగా రాజీనామా చేసినా, వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నా కోర్టు అనుమానంగానే చూస్తుంది. వీఆర్ఎస్‌లో వచ్చిన మొత్తం ఎక్కడుంది, దానిమీద వడ్డీ ఎంత అని అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. పూర్తిగా రద్దు అడగడం కంటే ‘కొత్త ఉద్యోగం వచ్చేదాకా 12,000 బదులు 6,000’ అని అడిగితే నమ్మకంగా ఉంటుంది.

పిల్లల్ని చూడనివ్వడం లేదని డబ్బు ఆపడం, డబ్బు రాలేదని పిల్లల్ని చూపించకపోవడం రెండూ తప్పే. చూసే హక్కుకు వేరే పిటిషన్ ఉంది.

10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే పద్ధతి

*భరణం బదులు సైకిల్, ట్యాబ్, బట్టలు కొనిచ్చి జమ వేసుకోవడం.* అవి బహుమతుల కింద పోతాయి. ఆర్డర్ మొత్తం ఖాతాలోనే వేయాలి.

*చేతికి డబ్బివ్వడం.* ఇచ్చినట్టు రుజువు ఉండదు. ఇప్పటిదాకా అలా ఇచ్చి ఉంటే, అందినట్టు మెసేజ్‌లో ఒప్పుకున్నవి ఏరి పెట్టుకోండి.

*బకాయిలనూ పెంపునూ ఒకే పిటిషన్‌లో కలిపేయడం.* బకాయికి అమలు పిటిషన్ వేరు, పెంపుకు పిటిషన్ వేరు.

*బకాయి వసూలుకు ఆలస్యం చేయడం.* సెక్షన్ 144 కింద వారంట్ కోసం, డబ్బు రావాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా అడగాలి. ఏడాది దాటిన నెలలు ఆ దారిలో రావడం కష్టం. కాబట్టి పదకొండో నెల దాటనివ్వకండి.

11. ఆర్డర్ వచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఒకటి అవతలివారికి స్పీడ్ పోస్టులో పంపండి, ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాసి. కట్టేవాళ్లయితే బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (నెలనెలా డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) పెట్టేస్తే మరిచిపోయే సమస్య ఉండదు.

రెండు నెలలు వరసగా రాకపోతే అమలు పిటిషన్ వేయండి. సెక్షన్ 144 కింద వారంట్ తర్వాత కూడా కట్టకపోతే నెల వరకు జైలు ఉంది, జైలుకు వెళ్లొచ్చినంత మాత్రాన బాకీ తీరదు. సివిల్ డిక్రీ అయితే జీతం అటాచ్ (జప్తు) చేయించవచ్చు. భరణం డిక్రీకి జీతంలో మూడో వంతుకే రక్షణ ఉంది, మిగతా రెండొంతుల వరకు అటాచ్‌మెంట్ కిందికి వస్తుంది. ఆ పిటిషన్‌లో యజమాని కంపెనీ పేరు, జీతాలు చూసే ఆఫీసు చిరునామా, ఉద్యోగి నంబర్ సరిగ్గా ఇవ్వాలి.